చెలకలో తీసివేత

ఒక బొమ్మతో ఇంకో బొమ్మను కోయడం నేను నల్గొండలో, బస్టాండు వెనక సందులో ఉన్న ఒక చిన్న ప్రింటింగ్ షాపులో నేర్చుకున్నాను. అప్పటికి తొంభైలు సగం దాటాయి. ఇంటర్ తప్పి, మళ్లీ కట్టి, ఎట్లాగో గట్టెక్కి, ఇక ఇంట్లో కూర్చుంటే పెళ్లి మాటలు మొదలవుతాయని భయపడి కంప్యూటర్ నేర్చుకుంటానని బయలుదేరినదాన్ని. షాపు యజమాని ముసల్మాను. బజారంతా ఆయనను భాయ్ అనేది, నేనూ అట్లాగే పిలిచాను. ఏళ్ల తరబడి బ్లేడుతో అక్షరాలు కోసి, చేత్తో స్క్రీన్ ప్రింటింగ్ చేసిన మనిషి, ఉన్నట్టుండి ఒక కంప్యూటర్ కొన్నాడు. దానికి కూలరు, తువ్వాలు ముసుగు, పొద్దున్నే ఊదుబత్తి. కొత్త కోడలికి కూడా ఏ ఇంట్లోనూ అంత మర్యాద దొరకదని నేను ఆటపట్టించేదాన్ని.

బొమ్మలు గీసే ఆ సాఫ్ట్‌వేర్‌లో ట్రిమ్ అని ఒక మీట ఉండేది. రెండు ఆకారాలను ఒకదాని మీద ఒకటి పెట్టి, రెండింటినీ పట్టుకుని అది నొక్కితే, ఒకటి కప్పిన మేర రెండోది తెగిపోతుంది. ఏది కోస్తుంది, ఏది తెగుతుంది అన్న దగ్గర నేను ఎప్పుడూ తికమక పడేదాన్ని. ఒకరోజు విసుగొచ్చి భాయ్ ఒకే మాటలో తేల్చేశాడు.

"ముందుగాల పట్టింది కత్తి, ఎనక పట్టింది రొట్టె. ఉల్టా పడితే కత్తే తెగుతది బేటా."

ఇంకో సంగతి మాత్రం ఆయన చెప్పలేదు, తిట్లు తిని నేనే తెలుసుకున్నాను. మీట నొక్కాక తెర మీద ఏమీ మారినట్టు ఉండదు. కోసిన ఆకారం తాను కోసిన చోటే కూర్చుని ఉంటుంది కాబట్టి కింద పడిన ఖాళీ కనబడదు. దాన్ని పక్కకు లాగినప్పుడే తెగిన సంగతి తెలుస్తుంది. కొత్తలో నేను ఏమీ కాలేదనుకుని మళ్లీ మళ్లీ కొట్టేదాన్ని. మిషను బిగుసుకుపోయేది. భాయ్ నెత్తి కొట్టుకునేవాడు.

రంగుల పనికి ఆ కోత తప్పనిసరి. పచ్చ రంగు మీద నీలం అచ్చు వేస్తే రెండూ కలిసి బురద రంగు వస్తుంది. అందుకని నీలం పడాల్సిన మేర పచ్చను ముందే కోసి తీసేయాలి. అక్కడ తెల్లకాగితం మిగులుతుంది, దాని మీద నీలం శుభ్రంగా కూర్చుంటుంది. పెళ్లిపత్రికల మీద కలశాలు, బడిపిల్లల బ్యాడ్జీలు, పార్టీల గుర్తులు, అన్నింటికీ ఇదే కథ. నాకు చెయ్యి తిరిగింది. గుడ్డికన్న మెల్ల నయం అంటూ మొదలుపెట్టిన భాయ్, ఏడాది తిరిగేసరికి గిరాకీలను నా కుర్చీ దగ్గరికి పంపడం మొదలుపెట్టాడు.

ఇక్కడ మా అమ్మ గురించి చెప్పాలి. మా ఊరు మునుగోడు దాటి లోపలికి పోవాలి. బోరునీళ్లు తాగిన పిల్లల పళ్లు పసుపు చారలు కట్టే ఊళ్లు అవి. ఫ్లోరిన్ అన్న మాట తెలియకముందే మాకు దాని పని తెలుసు. మా అమ్మకు పళ్లతో ఆగలేదు. నాకు ఊహ తెలిసేసరికి ఆమె నడుము ముందుకు వంగిపోయి, నేలను చూస్తూనే నడిచేది. మోకాళ్లు సగం ముడుచుకుని అట్లాగే ఉండిపోయాయి. ఆకాశం చూడాలంటే మంచం మీద పక్కకు ఒరగాలి. పెద్ద దవాఖానకు తీసుకుపోతే, ఎముకలు బిగుసుకుపోతున్నాయి, దీనికి మందు లేదు, తాగే నీళ్లు మార్చండి అన్నారట. మార్చడానికి మా ఊళ్లో ఇంకో నీళ్లు ఉంటే కదా. ఈ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

చచ్చినోళ్ల కండ్లు చారెడంటారు. మా అమ్మ కళ్లు బతికి ఉన్నప్పుడే చారెడు. నోరు అంతకన్నా పెద్దది. జొన్న కంకి పట్టినప్పుడు మా చెలకలో, ఒక మూలనున్న పెద్ద బండ పక్కన కూర్చుని చిలుకలను తోలేది. తలెత్తి చూడలేకపోయేది కాబట్టి రెక్కల చప్పుడు విని, అవి ఏ దిక్కున వాలాయో పట్టేసేది. ఖాళీ డబ్బా మీద కర్రతో కొడుతూ, వాటి తాతముత్తాతలను తిట్టేది. ఆ తిట్లు వినడానికి నేను బడి నుంచి నేరుగా చెలకకే పోయేదాన్ని. నా తల దువ్వాలన్నా ఆ బండ పక్కనే. నేను కింద ఆమె మోకాళ్ల ముందు కూర్చుంటే, ఆమె నా మీదికి వంగి ఉండేది. ఆమెకు అది తేలిక, ఎట్లాగూ వంగే ఉంటాను కదా అని తానే నవ్వేది.

నేను పదో తరగతిలో ఉండగా ఆమె పోయింది. ఊరి బొందలగడ్డకు వద్దని నాయిన పట్టుబట్టాడు. ఆ బండ పక్కనే, ఆమె కూర్చునే చోటే బొంద తవ్వించాడు. మా వాళ్లు వెల్లకిలా పడుకోబెట్టి పూడుస్తారు. ఆమె అట్లా పడుకోలేదు. కులపెద్దలు మోకాళ్లను కిందికి అదిమి చూశారు, కుదరలేదు. చివరికి బొందను పక్కకు తవ్వి వెడల్పు చేసి, ఆమెను ఒక పక్కకు ఒత్తిగిలి పడుకున్న పిల్లలాగా దించారు. నేను అంతా చూశాను. ఆ తర్వాత నాయిన పోయినవాళ్లకు పెట్టుకునే ప్రతి పెత్తరమాసకూ అక్కడ అన్నం పెట్టేవాడు. చెలక దున్నేటప్పుడు నాగలిని ఆ మూలకు రానిచ్చేవాడు కాదు.

కాలువ సంగతి మాకు కొత్త కాదు. ఓట్లు వచ్చినప్పుడల్లా కృష్ణనీళ్ల కాలువ మా ఊరికి వచ్చేది, ఓట్లు అయ్యాక వెనక్కి పోయేది. అందుకే ఒకరోజు ఒక ఆఫీసరు చంకలో చుట్టలు చుట్టిన నక్షలు పెట్టుకుని మా షాపు మెట్లెక్కితే నేను పెద్దగా పట్టించుకోలేదు. కాలువ పనులు మొదలుపెట్టే సభలో పెట్టడానికి రంగుల మ్యాపు కావాలట. కాలువ వెంబడి ఉన్న ఊళ్లు, భూములు సర్వే నంబర్లతో సహా పచ్చగా, కాలువ నీలంగా ఉండాలి. గీత ఎక్కడ పోవాలో ఎప్పుడో ఖాయమైంది. మేము చేయాల్సిందల్లా వాళ్ల నక్షను చూసి గీసి, అచ్చువేసి ఇవ్వడం.

పని మొత్తం ట్రిమ్ పనే. ఒక్కో చెలకనూ ఆకారంగా గీయాలి. కాలువను ముందు పట్టుకోవాలి, చెలకను తర్వాత పట్టుకోవాలి, కొట్టాలి. కాలువ కత్తి, చెలక రొట్టె. మొదట్లో ఉత్సాహంగా చేశాను. మాకు నీళ్లు వస్తున్నాయన్న సంతోషం నాకూ ఉంది. అమ్మ ఇంకొన్నాళ్లు ఉంటే ఈ నీళ్లు తాగేది కదా అన్న దుఃఖం కూడా ఉంది. ఒక ఊరి తర్వాత ఒక ఊరు కోసుకుంటూ పోయి మా ఊరికి వచ్చాను.

మా చెలక నాకు నంబరు చూడకుండానే తెలుసు. చిన్నప్పుడు నాయిన మట్టిలో పుల్లతో గీసి చూపించేవాడు. మూడు వైపులు తిన్నగా ఉంటాయి, నాలుగో వైపు హద్దు బండను చుట్టుకుని లోపలికి వంగుతుంది. తెర మీద సరిగ్గా ఆ వంపు మీదుగా నీలం పట్టీ పోతోంది. ఆఫీసరు తెచ్చిన నక్షను మళ్లీ మళ్లీ సరిచూశాను. నేను గీయడంలో తప్పుందేమో అనుకున్నాను, ఉంటే బాగుండునని కూడా అనుకున్నాను. తప్పు లేదు. మా అమ్మ ఉన్న మూల మొత్తం కాలువ కిందికి పోతుంది. చుట్టుపక్కల చెలకలన్నీ కోసి, మాది ఒక్కటే వదిలేసి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఏమైందని భాయ్ అడిగితే చెప్పాను. ఆయన తెరను చాలాసేపు చూసి, పని ఎక్కడికీ పోదు, ఇంటికి పోయి మీ నాయినకు చెప్పి రమ్మన్నాడు.

చెప్పాను. నాయిన అన్నం తినడం ఆపలేదు. పొద్దున నేను బస్సెక్కుతుంటే ఆయనా ఎక్కాడు.

షాపు బయట చెప్పులు విడిచి, తువ్వాలు భుజాన సర్దుకుని లోపలికి వచ్చాడు. భాయ్ తన కుర్చీ వేశాడు. నాయిన చదువుకోలేదు కానీ నక్ష చూడటంలో దిట్ట. మా ఊరు, వాగు, బండ, మా చెలక, ఒక్కోదాని మీదా వేలు పెట్టి గుర్తుపట్టాడు. గీత జరపమని అడుగుతాడని నేను భయపడ్డాను. అందుకే ముందే చెప్పేశాను. ఇది ఉత్త బొమ్మ, సభలో గోడకు పెట్టుకోవడానికి, దీన్ని చూసి ఎవరూ కాలువ తవ్వరు అని. ఆయన తల ఊపి విన్నాడు.

"మా తాత దున్నుకున్న జాగ నక్షల లేదనే పాయె," అన్నాడు. "నేల మీద ఉన్నదాన్ని ఎవడు నమ్ముతడు బిడ్డా? నక్షల ఉండాలె."

ఆయన జీవితమంతా చూసింది అదే. భూమి మీద ఏముందన్నది ఎన్నడూ చెల్లలేదు, కాగితం మీద ఉన్నదే చెల్లింది. ఇప్పుడు ఆ కాగితం గీసేది కన్నకూతురు.

"కాలువ జరపొద్దు," అన్నాడు మళ్లీ తనే. "ఊరందరికి నీళ్లు గావాలె. ఆమె జాగ ఒక్కటి ఇడిసిపెట్టు. నీళ్లు అటు ఇటు నుంచి పోతయి."

నేను భాయ్ వైపు చూశాను. ఆయన కళ్లతోనే కానియ్యి అన్నాడు. అచ్చుకు పోయే బొమ్మకు ఇంకో నకలు తీసి, అందులో చెలకల పచ్చరంగు తీసేసి, బండ పక్కన కోలగా చిన్న ఆకారం గీశాను. నాయిన ఒప్పుకోలేదు. పొడుగు కాదు, వెడల్పు అన్నాడు. వెడల్పు చేశాను. ఈసారి ముందు పట్టుకున్నది అమ్మను, తర్వాత పట్టుకున్నది కాలువను. కొట్టి, ఆ కోల ఆకారాన్ని పక్కకు లాగాను. అంత పొడుగు నీలంలో జొన్నగింజంత తెలుపు పడింది. నాయిన దాని మీద వేలు పెట్టబోయి, అద్దం మాస్తుందేమోనని వెనక్కి తీసుకున్నాడు. ఆయన ముఖం అంత తేటగా నేను అమ్మ పోయాక చూడలేదు.

టీ తాగేటప్పుడు భాయ్ కూడా ఆయనకు విడమరచి చెప్పాడు. తవ్వేవాళ్ల నక్ష వేరే ఉంది, అది ఆఫీసులో ఉంది, ఇక్కడ మేము ఏం గీసినా అది మారదు అని. నాయిన మర్యాదగా అన్నింటికీ సరే సరే అన్నాడు. ఊరికి పోయి, నా బిడ్డ కంప్యూటర్‌లో వాళ్ల అమ్మ జాగ వదిలిపెట్టించింది అని అందరికీ చెప్పుకున్నాడు. మేము నోటితో చెప్పింది ఒకటి, ఆయన కళ్లతో చూసింది ఒకటి. ఆయన కళ్లనే నమ్మాడు.

అచ్చుకు పోయిన మ్యాపులో ఆ తెల్లచుక్క లేదు. మా చెలకను కూడా చివరికి నేనే కోశాను. వేరే ఎవరి చేతనో చేయించడం నాకు ఇష్టం లేకపోయింది. మీట నొక్కాక ఎప్పటిలాగే ఏమీ మారలేదు, కాలువ చెలక మీద అట్లాగే ఉంది. సరిగ్గా తెగిందో లేదో చూసుకోవాలి కాబట్టి కాలువను పక్కకు లాగాను. బండ వంపు లేదు. మూల లేదు. ఎవరో కొరికి వదిలేసినట్టు ఉంది మా చెలక. అప్పుడు ఏడ్చాను, మామూలుగా కాదు, చిన్నపిల్లలాగా నోరు తెరిచి ఏడ్చాను. భాయ్ గిరాకీలను బయటికి పంపి షట్టరు సగం దించాడు.

సభ అయింది. కొన్ని నెలలకు కొలతలవాళ్లు వచ్చి రాళ్లు పాతారు. నాయిన నిబ్బరంగా ఉన్నాడు. ఒక రాయి సరిగ్గా బొంద మీదికి వచ్చినప్పుడు కూడా ఆయన గొడవ పడలేదు, వాళ్లే పొరపాటు పడ్డారనుకున్నాడు. నక్షలో ఆ జాగ విడిచి ఉంది, సరిగ్గా చూసుకోండి అని చెప్పాడట. వాళ్లు తమ నక్ష విప్పి చూపించారు. అందులో మొదటి నుంచి చివరిదాకా రెండు గీతలు, మధ్యలో ఏమీ లేదు. ఆ సాయంత్రమే ఆయన నల్గొండ వచ్చాడు. షాపు మెట్ల మీద కూర్చున్నాడు. నన్ను తిడతాడనుకున్నాను, తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"ఆ తెల్లది జర పెద్దగ గియ్యాల్సుండె బిడ్డా," అన్నాడు. "చిన్నగున్నదని వాళ్లకు కండ్ల వడలే."

పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకున్నాను.

ఇక అమ్మను అక్కడి నుంచి తీయడమే మిగిలింది. కులపెద్దలు వద్దన్నారు. పూడ్చినవాళ్లను కదిలించరాదు, మట్టి మట్టిలో కలిసింది, మీద నీళ్లు పారితే మంచిదే కదా అన్నారు. నాయిన అంతవరకు ఎవరికీ ఎదురు మాట్లాడిన మనిషి కాదు.

"బతికినన్ని దినాలు నీళ్లే తిన్నయి దాన్ని," అన్నాడు. "సచ్చినంక గూడ నీళ్లకే ఇయ్యాల్నా?"

పెద్దలు లేచిపోయారు. మట్టి తవ్వే మిషను అప్పటికే మా పక్క చెలకదాకా వచ్చింది. దాన్ని నడిపే అతను ఎక్కడివాడో, మా భాష సరిగ్గా రాదు. అయినా సంగతి అర్థం చేసుకుని, మిషను ఆపి, దూరంగా పోయి బీడీ ముట్టించుకున్నాడు.

నాయిన ఆ ముందు రోజే బండకు ఎగువన, కాలువ రాళ్లకు అవతల కొత్త బొంద తవ్వి ఉంచాడు. చూస్తే సన్నగా, పొడుగ్గా, గోడలు చెక్కినట్టు తిన్నగా ఉంది. అందరికీ తవ్వే కొలత అది. ఎందుకిట్లా తవ్వావని అడిగాను.

"ఇప్పుడు ఉత్త బొక్కలే గదా," అన్నాడు. "సాపుగ పండవెడ్త. నా ఇంట్లకొచ్చినంక ఒక్కనాడన్న సాపుగ పండలే అది."

ఎముకలనైనా తిన్నగా చాపి పెట్టొచ్చన్న ఈ ఒక్క ఆశతోనే ఆయన పెద్దలను కాదన్నాడని నాకు అప్పుడు తెలిసింది. కాలువను తప్పించలేకపోయాడు. కనీసం దీనివల్ల అమ్మ నడుము ఒకసారి చాపుకుంటుందని అనుకున్నాడు. నాకూ ఆ ఆశ పట్టుకుంది. కొత్త తెల్లబట్ట పరిచి, పసుపు చల్లి, ఆమె తల ఎటు, కాళ్లు ఎటు అని మనసులో సర్దుకుంటూ గట్టు మీద కూర్చున్నాను.

పాత బొందలో నాయిన ఒక్కడే దిగాడు. పైమట్టి పారతో తీసి, తర్వాత చేతులతోనే తోడాడు. మా నేల మొరం, నీళ్లు నిలవవు. ఎముకలు బాగానే ఉన్నాయి. తల, చేతులు ఒక్కొక్కటే అందిస్తుంటే నేను రెండు చేతులా అందుకుని బట్ట మీద పెట్టాను. అవి నేను అనుకున్నదానికన్నా బరువుగా, చింతకొమ్మలలాగా గరుకుగా ఉన్నాయి. భయం వేయలేదు. నా తల దువ్విన చేతులవి.

తర్వాత నాయిన చాలాసేపు పైకి ఏమీ అందించలేదు. లోపల మోకాళ్ల మీద కూర్చుని, ఏదో విడదీయడానికి చుట్టూ మట్టి తీస్తూనే ఉన్నాడు. చివరికి దాన్ని రెండు చేతులా ఎత్తుకుని లేచాడు. అమ్మ వెన్నెముక. పూసలు విడిపోలేదు. ఒకదానితో ఒకటి అతుక్కుపోయి, మెడ కింద నుంచి నడుము దాకా ఒకే ముక్కగా, కొడవలిలాగా వంగి వచ్చింది. ఆమె నా తల మీదికి వంగినప్పటి వంపే అది.

నాయిన దాన్ని బొంద ఒడ్డు మీద పెట్టి, మధ్యలో అరచేయి ఆనించి కొంచెం ఒత్తాడు. కదలలేదు. ఇంకొంచెం ఒత్తాడు. ఉన్నట్టుండి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నొచ్చిందా?" అని అడిగాడు, నన్ను కాదు.

కాసేపటికి దాన్ని తెచ్చి నా ఒళ్లో పెట్టి, పట్టుకోమన్నాడు. పార, గడ్డపార తీసుకుని కొత్త బొందలోకి దిగాడు. అంత తిన్నగా చెక్కుకున్న గోడను పక్కకు తవ్వి వెడల్పు చేయడం మొదలుపెట్టాడు.